ఎర్రమట్టి వయస్సు

బోధను ప్రాంతమున చెరకు వేయు రైతు బావి త్రవ్వించునపుడు మొదట మన్ను వచ్చును. దాని క్రింద మొరము వచ్చును. ఆ క్రింద బండ తగులును. ఇవి మూడు పొరలు గనుక మూడు కాలములకు చెందినవని తలచుట సహజము. కాని అట్లు కాదు. అక్కడ ఉన్నది ఒకే బండ. దాని పైభాగము ఎండకును వానకును చివికి మొరమైనది. మొరము మరింత చివికి మన్నైనది. ఇంటి యజమానియు, అతని కుమారుడును, మనుమడును ఒకే అరుగుపై కూర్చున్నట్లు తోచునే గాని, నిజమునకు అక్కడ ఉన్నది ఒక్క మనిషియే.

నిజామాబాదు పట్టణమునందలి కోటగుట్ట, డిచ్‌పల్లి రామాలయమున్న గుట్ట, ఆ చుట్టుప్రక్కల పొలములలో లేచి కనబడు గుండ్లు, ఇవన్నియు గ్రానైటు జాతి రాళ్ళు. వీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్కించిరి. పడమరగా మద్నూరు, జుక్కల్ వైపు పోయినచో వేరొక రాయి కనబడును. అది నల్లరాయి. దక్కను పీఠభూమిపై అగ్నిపర్వత ద్రవము పొరలుగా పారి గడ్డకట్టగా ఏర్పడినది. నల్లరేగడికి తల్లి ఆ రాయియే. దాని వయస్సు సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములు. 1931లో నిజాంసాగరు పూర్తియై మంజీర నీరు కాలువలకెక్కినపుడును, 1937లో బోధను వద్ద నిజాం షుగరు ఫ్యాక్టరీ వెలసినపుడును, ఈ రెండు రాళ్ళ మన్నులే చెరకును పండించినవి. ఫ్యాక్టరీ 2015లో మూతపడినది. మన్నులు మాత్రము ఉన్నవి.

ఇప్పుడు ఒక లెక్క వేయుదము. ఒక రాయి 250 కోట్ల ఏండ్లది, రెండవది 6 కోట్ల పైచిలుకుది. ఈ రెంటి నడుమ 240 కోట్ల సంవత్సరములకు పైబడిన కాలమున్నది. ఆ కాలములో ఈ నేలపై ఏమి జరిగినది? నదులు పారలేదా? మృగములు తిరుగలేదా? వానికి గుర్తుగా పొరలు పొరలుగా పేరుకొన్న రాయి నిజామాబాదు పరిసరములలో దాదాపు లేదనియే చెప్పవలెను. చరిత్ర గ్రంథములో మొదటి పుటయు చివరి పుటయు మాత్రము మిగిలి, నడిమి పుటలన్నియు చినిగిపోయినట్లున్నది. ఆ పుటలలో కొన్ని నూరు మైళ్ళ లోపుననే, మన గోదావరి యొడ్డుననే పదిలముగా ఉన్నవి. వానిని వరుసలో పేర్చుటకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ పేర్చిన కథయే మేము ఈనాడు చెప్పదలచినది.

కందకుర్తి వద్ద మంజీరను కలుపుకొని గోదావరి బాసర మీదుగా తూర్పునకు సాగును. పోచంపాడు ఆనకట్ట దాటి, ధర్మపురి దాటి, మంచిర్యాల చేరువరకు నది నడక ముఖ్యముగా తూర్పు ముఖమే. మంచిర్యాల దాటిన పిమ్మట అది ఆగ్నేయమునకు తిరుగును. కాళేశ్వరము వద్ద ప్రాణహితను కలుపుకొని అదే దిక్కున భద్రాచలము వైపు సాగును. నది దిక్కు మార్చుకొన్నచోటనే రాయియు మారును. గుండ్లు మాయమై ఇసుకరాయి కనబడును. ఇది యాదృచ్ఛికము కాదు. వాయవ్యము నుండి ఆగ్నేయమునకు వందల మైళ్ళ పొడవున ఒక ప్రాచీనమైన గొయ్యి అక్కడ ఉన్నది. ఇప్పటి నది ఆ పాత గొయ్యి దారినే పట్టినది.

ఈ గొయ్యి నది కోసినది కాదు. భూమి పైచిప్ప రెండు వైపుల నుండి లాగబడినపుడు నిలువుగా పగుళ్ళు పడును. రెండు పగుళ్ళ నడుమనున్న నేల క్రమముగా క్రుంగును. అట్టి లోయను పగులులోయ అందురు. తూర్పు ఆఫ్రికాలో నేడు అట్టి లోయలు కలవు. లోయ క్రుంగినకొలది ఇరుప్రక్కల ఎత్తులనుండి ఏరులు దిగివచ్చి ఇసుకను, ఒండ్రును, గులకరాళ్ళను అందులో నింపును. నింపినకొలది అది మరల క్రుంగును. తెలంగాణ గ్రామములలో పూర్వము ధాన్యము దాచు పాతర ఉండెడిది. ఏటేట క్రొత్త గింజ పాతగింజపై పడును. అడుగున ఉన్నది అన్నిటికన్న పాతది. అయితే పాతర అడుగు దిగబడుచు పోయినచో అది ఎన్నటికిని నిండదు కదా! గోదావరి లోయ అట్టి పాతర. అందులో పేరుకొన్న పొరల మందము మూడు కిలోమీటర్లకు మించినది.

పాతర అడుగున మిక్కిలి పాతవియగు పాఖాల, సుల్లవాయి రాళ్ళు కలవు. పాఖాల చెరువు పేరును, సుల్లవాయి అను గ్రామము పేరును రాళ్ళకు పెట్టిరన్నమాట. వానిలో ఎముకలు లేవు. అప్పటికి ఎముకగల ప్రాణియే పుట్టలేదు. వానిని ఇంతటితో విడుతుము.

తరువాత వచ్చినది మంచుకాలము. ఈ మాట వినువారికి నమ్మశక్యము కాకపోవచ్చును. పెన్‌గంగ వార్ధాలో కలియుచోట, చాందా జిల్లాలో, ఇరై అను ఊరున్నది. 1875లో ఫెడెన్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడి సున్నపురాతిపై నునుపుదేరిన తలమును, దానిపై ఒకే దిక్కుగా గీయబడిన గీట్లను వర్ణించెను. మంచు నదులు అడుగున రాళ్ళను ఇరికించుకొని ప్రాకునపుడు మాత్రమే అట్టి గీట్లు పడును. ఆ గీట్లపైన గుండ్రని రాళ్ళును, మెత్తని ఒండ్రును కలగలిసిన పొర ఉన్నది. ఒరిస్సాలోని తాల్చేరు వద్ద ఇట్టి పొరను ముందుగా గుర్తించిరి గనుక దానికి తాల్చీరు పొర అని పేరు. సుమారు 30 కోట్ల సంవత్సరముల క్రిందట మన దేశము దక్షిణ ధ్రువమునకు చేరువనుండెను. వడగాల్పులకు పేరుపొందిన ఆదిలాబాదు సీమ అంచున మంచునది ప్రాకినదనుట కల్పన కాదు, రాతిపై గీట్లున్నవి.

మంచు కరగిన పిమ్మట చిత్తడి నేలలు, దట్టమైన అడవులు ఏర్పడెను. ఆ అడవులే బొగ్గైనవి. అందులో నాలుకవంటి ఆకుగల ఒక చెట్టు ప్రధానము. 1828లో బ్రాన్యార్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానికి గ్లాసాప్టెరిస్ అని పేరిడెను. ఆ మాటకు అర్థము నాలుకవంటి ఫెర్ను అని. ఈ ఆకు భారతదేశముననే గాక దక్షిణాఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను, దక్షిణ అమెరికాలోను, అంటార్కిటికాలోను రాయియై దొరకుచున్నది. ఆ ఖండములన్నియు ఒకప్పుడు ఒక్కటిగా నుండెననుటకు ఇది మొదటి సాక్ష్యములలో ఒకటి. 1872లో మెడ్లికాట్ ఈ రాళ్ళ వరుసకు గోండుల పేరిట గోండ్వానా అను పేరు సూచించెను. ఆ పేరునే తరువాత ఆస్ట్రియా దేశపు ఎడ్వర్డ్ జూస్ ఆ మహాఖండమునకును ఇచ్చెను. మన అడవిబిడ్డల పేరు భూగోళములో సగమునకు పేరైనది.

బొగ్గుపొర పేరు బరాకరు. ఇది బెంగాలు వైపునున్న నది పేరు. దానిపై వచ్చు ఇసుకరాళ్ళకు కాంఠీ అని పేరు. అది నాగపురము దాపున ఉన్న ఊరు. ఇంతవరకు పేర్లన్నియు పరదేశపువే అని శ్రోతలు గమనించియుందురు. కారణమున్నది. ఒకచోట మొదట వర్ణించిన పొరకు ఆ ఊరి పేరు పెట్టుదురు; వేరొకచోట అదే కాలపు పొర కనబడినచో ఆ పేరుతోనే పిలుతురు. కాని ఇక్కడి ఈ పొరయు, అక్కడి ఆ పొరయు ఒకే కాలమునవని ఎట్లు తెలియును? నడుమ వందల మైళ్ళ నేల ఉన్నది. భూగర్భ శాస్త్రములో మొదటి ప్రశ్నయు, కష్టమైన ప్రశ్నయు ఇదియే.

రంగు చూచి చెప్పుదమన్న, ఎర్రమట్టి ఏ కాలమునందైనను ఏర్పడవచ్చును. ఎండకాలము, వానకాలము వేరువేరుగా గల దేశములో ఏటి వరద మైదానమున పడిన ఒండ్రులోని ఇనుము గాలి తగిలి తుప్పు పట్టును; మన్ను ఎర్రనగును. 24 కోట్ల ఏండ్ల క్రిందటను అంతే, 20 కోట్ల ఏండ్ల క్రిందటను అంతే. బట్ట రంగు చూచి మనిషి వయస్సు చెప్పినట్లుండును. ఇట్టి లెక్క తప్పినచో పండితుల వాదముతో పోదు. డబ్బుతో కూడిన పని అది. గోదావరి లోయలో దానికి మొదటి నిదర్శనము కోట గ్రామము.

కోట అనునది ప్రాణహిత ఎడమ యొడ్డున, సిరోంచాకు ఎగువనున్న చిన్న ఊరు. 1841లోనే వాకర్ అను వైద్యుడు కోట వద్ద కనబడిన బొగ్గును గూర్చి కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాసెను. ఆ మీదట 1850 ప్రాంతముల బెల్ అను ఆయన అక్కడ భూమికి బోరు వేయించెను. బొగ్గుకు బదులు చేపలు దొరకినవి! సున్నపురాతి పలకలలో అణగి, మెరయు పొలుసులతో సహా రాయియైన చేపలు. ఇంగ్లండునకు చేరిన వానిలో ఒకదానిని 1851లో ఎగర్టన్ వర్ణించి, దక్కను పేరు కలిపి లెపిడోటస్ డెక్కనెన్సిస్ అనెను. అట్టి చేపలు ఐరోపాలో జురాసిక్ యుగపు రాళ్ళలో కలవు. కోటలో గని త్రవ్వదగిన బొగ్గు మాత్రము దొరకలేదు. దొరకదు కూడను. మంచి బొగ్గు బరాకరు పొరలో ఉన్నది. కోట సున్నపురాయి దానికి ఎంతో పైనున్నది. పాతరలో పైగింజను పట్టుకొని అడుగుగింజ కొరకు వెదకినట్లైనది. పొరల వరుస తెలియక వేసిన బోరు అది. తెలిసియుండుటకు అప్పటికి వరుస వ్రాసినవారును లేరు.

కోటకు పడమరగా, నేటి ఆసిఫాబాదు జిల్లాలో, మాలేరి అను ఊరున్నది. అక్కడ ఎర్రమట్టి బయలు. వాన కడిగినపుడు ఆ మట్టిలో ఎముకలు, పళ్ళు బయటపడును. నాగపురములో పాఠశాల నడుపుచుండిన మతబోధకుడు స్టీఫెన్ హిస్లాప్ రాళ్ళ సేకరణలో మిక్కిలి ఆసక్తిగలవాడు. ఆయన 1863లో వరదవచ్చిన వాగు దాటుచు మరణించెను. భారత భూగర్భ పరిశోధనశాఖ మొదటి అధిపతి థామస్ ఓల్డుహామ్ 1859లో మాలేరి పళ్ళను గూర్చి వ్రాసెను. అవి సెరటోడస్ అను చేప పళ్ళు. ఈ చేప కథ ముచ్చటైనది. దీనిని రాతిలోని పళ్ళను బట్టియే శాస్త్రజ్ఞులు ఎరుగుదురు, జాతి నశించినదనుకొనిరి. 1870లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు నదులలో దీని దగ్గరి చుట్టము ప్రాణముతో ఈదుచున్నట్లు తెలిసెను. అది ఊపిరితిత్తిగల చేప. నీరు తగ్గినపుడు పైకి వచ్చి గాలి పీల్చును.

మాలేరి ఎముకలలో మరియొకటి ఇంకను ముఖ్యమైనది. చిలుక ముక్కువంటి మూతి, దవడలో వరుసలు వరుసలుగా పళ్ళు గల సరీసృపము. 1859లో హక్స్‌లీ పండితుడు స్కాట్లండులోని ఎల్గిన్ వద్ద దొరకిన అట్టి జంతువునకు హైపెరొడాపెడాన్ అని పేరిడియుండెను. 1869లో ఆయన దానిని గూర్చి మరల వ్రాయునపుడు మన దేశము నుండి వచ్చిన ఎముకలును ఆ జాతివేయని గుర్తించెను. ఎల్గిన్ సముద్రతీరము ఎక్కడ, మాలేరి బయలు ఎక్కడ! ఒకే జాతి జంతువు రెండుచోట్ల తిరిగినదన్న ఆ రెండు రాళ్ళును ఇంచుమించు ఒకే కాలమునవి. పొరకు పొరను జోడించుటయన్న ఇదియే.

ఎల్గిన్‌లో అప్పటికి పెద్ద వివాదము నడచుచుండెను. అక్కడి ఇసుకరాయి, దాని ప్రక్కనున్న మరింత పాత ఇసుకరాతితో అతుకు కనబడకుండ కలిసియుండెను. సర్ రోడెరిక్ మర్చిసన్ అంతటి వాడు ఆ రెండును ఒకటేయని, మిక్కిలి ప్రాచీనమనియు తలచెను. పెర్మియన్ అను యుగమునకు 1841లో రష్యాలోని ఒక సీమను బట్టి పేరిడిన ఘనుడాయన. సరీసృపమేమో ట్రయాసిక్ యుగపుదని చెప్పుచుండెను. కన్ను చూచినది ఒకటి, ఎముక చెప్పినది వేరొకటి. తుదకు ఎముక మాటయే నెగ్గినది. ఈ సంగతి మేము ఇంత వివరముగ చెప్పుటకు కారణమేమన, అచ్చముగ అదే చిక్కు గోదావరి లోయలోను వచ్చినది. ఇక్కడ తీరుటకు మాత్రము తొంబది ఏండ్లు పట్టినది.

ఆ చిక్కు విలియం కింగ్ అను ఐరిషు దేశస్థుని కాలమున ఏర్పడినది. ఈయన తండ్రియు విలియం కింగే, గాల్వేలో ఆచార్యుడు; నియాండర్తల్ మానవునకు 1864లో శాస్త్రీయ నామము పెట్టినవాడు. కుమారుడు మన భూగర్భ శాఖలో చేరి, 1872లో ఇల్లెందు దాపున సింగరేణి గ్రామము వద్ద బొగ్గు కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీకి గనుల హక్కు లభించినది. 1889లో బొగ్గు త్రవ్వకము మొదలైనది. అక్కడి ఒక బొగ్గుపొరను నేటికిని కింగ్ పొర అనియే పిలుచుచున్నారు. దాని తోడుగ రాణి పొర అని మరియొకటియు కలదు. కింగ్ అనగా రాజని ఎవరో చమత్కరించినట్లున్నది.

1881లో కింగ్ ప్రాణహిత గోదావరి లోయపై గ్రంథము వెలువరించెను. రోడ్లు లేని కాలము, టేకు అడవి, మలేరియా జ్వరములు, కాలినడక. అట్టి స్థితిలో వందల మైళ్ళ లోయకు పొరల పటము గీయుట సామాన్యమైన పని కాదు. తాల్చీరు, బరాకరు, కాంఠీ వరకు ఆయన వరుస గట్టిగ నిలిచినది. ఆ పైన కోటను, మాలేరిని మాత్రము ఆయన విడదీయలేదు. కోట మాలేరి అని ఒకే వర్గముగ వ్రాసెను. నేలపై చూచినవానికి అట్లే తోచును. ఎర్రమన్నుపై ఇసుకరాయి, ఇసుకరాతిపై మరల ఎర్రమన్ను, అటుపై సున్నపురాయి; నడుమ గీత గీయుటకు స్పష్టమైన చోటు లేదు. అయినను మాలేరి ఎముకలు ట్రయాసిక్ అనుచున్నవి. కోట చేపలు జురాసిక్ అనుచున్నవి. ఒకే వర్గములో ఇద్దరు సాక్షులు కోట్ల ఏండ్ల తేడాతో సాక్ష్యమిచ్చుచుండిరి. గోండ్వానాలో పాత జంతువులు, క్రొత్త జంతువులు కలసి బ్రదికినవేమో యని ఒక సమాధానము చెప్పుకొనవచ్చును. అది సమాధానము కాదు, సర్దుబాటు.

1957లో కలకత్తాలోని భారత గణాంక సంస్థ అధిపతి మహలనోబిస్ లండను విశ్వవిద్యాలయ కళాశాల నుండి పమేలా రాబిన్సన్ అను విదుషిని ఆహ్వానించెను. గణాంకములకును ఎముకలకును సంబంధమేమని ఆనాడు పలువురు అడిగియుండవచ్చును. ఎముకల కొలతలు కూడ అంకెలే గదా! ఆమె చుట్టును సోహన్ లాల్ జైన్, తపన్ రాయ్ చౌధురి, టి. యస్. కుట్టి మొదలగు యువకులు చేరిరి. వారెన్నుకొన్న క్షేత్రము ఈ లోయ ఉత్తర భాగము, అనగా నేటి మంచిర్యాల, ఆసిఫాబాదు జిల్లాలును ప్రాణహిత ఆవలి గట్టును.

వారి పద్ధతి సామాన్యుడును గ్రహింపదగినది. ఇక్కడి పొరలు చదునుగా లేవు. ఈశాన్యమునకు కొంచెము వాలియున్నవి. పుస్తకములను బల్లపై వరుసగా ఒరగబెట్టినట్లు ఊహింపుడు. నైరుతి నుండి ఈశాన్యమునకు నడచినచో పాత పుస్తకము నుండి క్రొత్త పుస్తకమునకు క్రమముగ పోవుదుము. అడ్డముగ, అనగా వాయవ్యము నుండి ఆగ్నేయమునకు నడచినచో ఒకే పుస్తకము వీపు వెంట పోవుచుందుము. ఆ విధముగ ప్రతి ఇసుకరాతి గట్టును వెంటబడి, అది ఎక్కడ సన్నగిల్లినది, ఎక్కడ భ్రంశముచే తెగి ప్రక్కకు జరిగినది పటముపై గుర్తించుచు, ప్రతి ఎముకను అది దొరకిన పొరతో సహా నమోదు చేసిరి. ముందుతరము వారు ఎముకలను పంపించుకొని బల్లపై చదివిరి. వీరు ఎముకను దాని ఇంటిలోనే చూచిరి. మా యభిప్రాయములో తేడా అంతయు అక్కడనే ఉన్నది.

మొదటి ఫలము ఎర్రపల్లి. పేరులోనే ఎరుపుగల ఈ ఊరి వద్దనున్న ఎర్రమట్టిని అంతకు పూర్వము మాలేరి మట్టికి వేరుగ ఎవరును ఎంచలేదు. రంగు అదే, మెత్తదనమదే, అందులోని సున్నపు గుళికలును అటువంటివే. 1964లో జైన్, రాబిన్సన్, రాయ్ చౌధురి ఈ మట్టిలోని జంతు సముదాయమును లోకమునకు తెలిపిరి. ఇందులో హైపెరొడాపెడాన్ లేదు. బదులుగ రెండు కోరలుండి, మిగిలిన పళ్ళు లేక, తాబేలు మూతితో మేసెడి బలిష్ఠమైన జంతువులు కలవు. వానిలో ఒకదానికి భూగర్భ శాస్త్రజ్ఞుడు డి. యన్. వాడియా పేరిట వాడియాసారస్ అని 1970లో పేరిడిరి. దీని బంధువులు దక్షిణాఫ్రికాలో ట్రయాసిక్ యుగపు పూర్వభాగపు రాళ్ళలో ఉన్నవి. కనుక ఎర్రపల్లి మన్ను సుమారు 24 కోట్ల ఏండ్లది. మాలేరి మన్ను దానికన్న కోటి సంవత్సరములకు పైగా చిన్నది. ఈ రెండు ఎర్రమన్నుల నడుమ ఒక ఇసుకరాతి గట్టు సాగుచున్నది. 1969లో కుట్టి దానికి భీమారం ఇసుకరాయి అని పేరిడెను. గట్టుకు ఇవతల ఒక లోకము, అవతల ఒక లోకము. దున్నువానికి రెండును ఒక్కటే మట్టి.

రెండవ ఫలము కోట మాలేరి చిక్కు తీరుట. మాలేరి మట్టికిని కోట రాతికిని నడుమ మరియొక వర్గము ఉన్నదని కుట్టి అదే వ్యాసమున చూపెను. దాని పేరు ధర్మారం. అందులోను ఎర్రమట్టియు ఇసుకరాయియు కలవు గనుకనే అది ఇంతకాలము రెంటి సందున మరుగుపడి యుండెను. ఇందులో మాలేరి జంతువులు కావు, కోట జంతువులు కావు. పొడవైన మెడగల తొలినాటి శాకాహార డైనోసారులు వచ్చినవి. ఒకదానికి 2007లో ల్యాంప్లూసారా ధర్మారమెన్సిస్ అని పేరిడిరి. ల్యాంప్లూ అనునది పమేలా రాబిన్సన్ నడిమి పేరు. ఆమె 1994లో గతించినది. పేరు మాత్రము ధర్మారముతో కలసి నిలిచినది. నడిమి పుట దొరకిన పిమ్మట వైరుధ్యమేమున్నది? మాలేరి సాక్షియు నిజమే చెప్పినాడు, కోట సాక్షియు నిజమే చెప్పినాడు. వారిద్దరిని ఒకే ఇంటివారని వ్రాసికొన్నదే పొరపాటు.

కోట పొరలో దొరకినది వీనినన్నిటిని మించినది. 1958లో సిరోంచా వైపు పోచంపల్లి అను గ్రామము దాపున (పోచంపాడు ఆనకట్టతో గాని, చీరల పోచంపల్లితో గాని దీనికి సంబంధము లేదు) ఒక పెద్ద తొడయెముక కనబడెను. దాని పొడవు ఐదున్నర అడుగులు. 1960, 1961 సంవత్సరములలో త్రవ్వగా మున్నూరు ఎముకల వరకు బయటపడినవి; ఆరు జంతువులకు తక్కువ గావు. 1961 రవీంద్రుని శతజయంతి వత్సరము. బెంగాలీలో పెద్దకాలు అను అర్థము వచ్చునట్లు బారాపాసారస్ అనియు, రవీంద్రుని పేర టాగోరై అనియు చేర్చి 1975లో ప్రకటించిరి. ఆ అస్థిపంజరము కలకత్తా గణాంక సంస్థలో నిలువబడియున్నది. తలపుర్రె మాత్రము దొరకలేదు. ఆ తరువాత భూగర్భ శాఖకు చెందిన యాదగిరి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి వద్ద కోట పొరలోనే లభించిన వేరొక డైనోసారును కోటాసారస్ అను పేర 1988లో వర్ణించెను. దానిని హైదరాబాదులోని బిర్లా విజ్ఞానకేంద్రమున చూడవచ్చును. పిల్లలను తీసికొనిపోవు తలిదండ్రులు ఆ ఎముకలు ఏ ఊరివో చెప్పుట మరువరాదు. ఇంత పెద్ద జంతువులున్న పొరలోనే మిక్కిలి చిన్న పాలిచ్చు జంతువు పళ్ళును ఉన్నవి. 1981లో దత్తా వర్ణించిన అట్టి ఒక పంటికి కోటాథీరియం హాల్డేనై అని పేరు. జీవశాస్త్రజ్ఞుడు హాల్డేన్ స్మారకము.

ఈ విభజన యంతయు బొగ్గు పనికిని సంబంధించినదే. గోదావరి లోయలో గనులకై బోరు వేయువాడు ముందుగ తెలిసికొనవలసినది తాను ఏ పొరపై నిలిచియున్నాడో. కాంఠీపై నిలిచినచో బరాకరు కొంత లోతున రావచ్చును. కోటపై నిలిచినచో నడుమ ఎర్రపల్లి, భీమారం, మాలేరి, ధర్మారం అన్నియు దాటవలెను. అదియునుగాక ఒక బోరులోని బొగ్గుపొరయే ప్రక్కబోరులోని బొగ్గుపొర యగునా, లేక భ్రంశము దాటి వేరొకటి తగిలినదా యనునది గని పెట్టువాని పెట్టుబడికి ప్రాణము. అక్కడ ఎముకలు దొరకవు. రాతికడ్డీని పొడిచేసి సూక్ష్మదర్శినిలో చూచినచో కోట్ల ఏండ్లనాటి పుప్పొడియు, చెట్ల విత్తుధూళియు కనబడును. కాలము మారినకొలది ఆ ధూళి గింజల రూపములు మారును. 1946లో లక్నోలో బీర్బల్ సహానీ స్థాపించిన సంస్థ ఈ విద్యకు పేరుగన్నది. రామగుండము విద్యుత్కేంద్రములో మండు బొగ్గు వెనుక ఇట్టి ధూళి లెక్కలును ఉన్నవి.

వరుస అంతయు తేలిపోయినదని చెప్పుటకు లేదు. ఎర్రపల్లి, మాలేరిల తగవు తీరినది గాని కోట వయస్సుపై తగవు మాత్రము సాగుచునే యున్నది. చేపలును, డైనోసారులును కోటను జురాసిక్ యుగపు తొలిభాగమునకు, సుమారు 18, 19 కోట్ల ఏండ్లకు చేర్చుచున్నవి. ఆవగింజకన్న చిన్న గుల్లలుగల జలచరములును, పుప్పొడియు పరీక్షించినవారు కొందరు అది అంత పాతది కాదని, జురాసిక్ నడిమి భాగమునకో, అంతకును ఇటీవలకో తేవలెననియు వాదించుచున్నారు. అదే ఊరు, అదే సున్నపురాయి, మరల ఇద్దరు సాక్షులు. కుట్టి చూపిన త్రోవను బట్టి చూచినచో, కోట అని మనము పిలుచునది కూడ ఒకే వర్గమా, క్రింది ఇసుకరాయి ఒక కాలముది, పై సున్నపురాయి వేరొక కాలముదియా యని అడుగవలసి యున్నది. క్రింది భాగమున బారాపాసారస్ ఉన్నది. చేపలు సున్నపురాతిలో ఉన్నవి. రెంటి నడుమనున్న పొరలను అడుగడుగునకు గాలించు పనికి ప్రాణహిత గట్టున ఇంకను చోటున్నది.